ఆటపెట్టెలో పాట

(ఉగాది ఉత్సవాల సాంస్కృతిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



సంగీతాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, బహుశా వారు త్యాగరాజస్వామినో క్షేత్రయ్యనో మనసులో ఉంచుకొని అడిగి ఉంటారు. వారిని నిరాశపరుస్తున్నందుకు మన్నించవలెను. నేనివాళ పిల్లలు చేతిలో పట్టుకొని ఆడుకొనే ఆటపెట్టెలలోని సంగీతాన్ని గూర్చి చెప్పదలచుకొన్నాను. ఆట సాగుతుండగా వెనుక మ్రోగే సంగీతం కాదు. ఆ పెట్టెతోనే పాట కట్టడానికి కొందరు చేసిన వింత సాధనాలు కొన్ని ఉన్నాయి. వాటిలో గెలవడమూ లేదు, ఓడడమూ లేదు. లెక్కలు, మార్కులు లేవు. మా ఇంట్లో అవి వచ్చి పదిహేనేళ్లు దాటింది. మొదటి రెండేళ్లు నేను వాటిని తిట్టినవాణ్ణే. రామమందిరంలో శనివారం భజనకు హార్మోనియం వాయించేవాడి కొడుకు, భజనకు రాకుండా గదిలో కూర్చొని పెట్టె నొక్కుతుంటే ఏ తండ్రికైనా ఒళ్లు మండదా?

ముందు ఆ పెట్టె సంగతి కొంచెం చెప్పాలి. గేమ్ బాయ్ అనే పెట్టెను జపానులోని నింటెండో కంపెనీ 1989లో విడుదల చేసింది. నాలుగు చిన్న బ్యాటరీలతో నడిచేది. పాచిరంగు తెర, దానిమీద బూడిద బొమ్మలు. దానిలో శబ్దం పుట్టించడానికి ఉన్నవి నాలుగే నాలుగు గొంతులు. మొదటి రెండూ ఒక జాతివి. విద్యుత్తు ఉంది, లేదు, ఉంది, లేదు అని సెకనుకు కొన్ని వందలసార్లు మారితే పుట్టే నాదం అది. కొంచెం సన్నాయి పోలిక, కొంచెం తుమ్మెద పోలిక. ఆ 'ఉంది', 'లేదు'ల పాళ్లు మారిస్తే గొంతు సన్నబడుతుంది, లావవుతుంది. మూడవ గొంతుకు రూపం మనమే గీసి ఇవ్వవచ్చు. 32 చుక్కలు, ఒక్కొక్క చుక్క 16 మెట్లలో ఏదో ఒక ఎత్తున. నాలుగవది పాడలేదు. సుర్రుమనే చప్పుడు మాత్రం చేస్తుంది. దాన్నే తుంచి తుంచి వాడితే తాళం వస్తుంది, డప్పు వస్తుంది, చేటలో బియ్యం చెరిగిన చప్పుడు వస్తుంది.

ఇంతే సామగ్రి. మన ఇళ్లలో ఏ మూలనో పడి ఉండే పాత సెల్ ఫోనులో ఇంతకు వందరెట్లు శబ్దాలున్నాయి. అయినా 1998లో జర్మనీలోని హాంబర్గు నగరంలో చిత్రకళ చదువుకొంటున్న ఆలివర్ విట్‌చో అనే యువకుడు ఈ నాలుగు గొంతులతోనే పాట కట్టుకొనే సాధనాన్ని తయారుచేశాడు. దాని పేరు నానోలూప్. తెరమీద నాలుగు వరుసలు, వరుసకు నాలుగు గడులు, మొత్తం 16. గడిలో స్వరం పెట్టాలి. కాలం ఆ గడుల మీదుగా నడిచి, చివరిదాకా పోయి, మళ్లీ మొదటికి వస్తుంది. రెండేళ్లకు, 2000లో, స్వీడను దేశానికి చెందిన యోహాన్ కోట్లిన్‌స్కి ఇంకొక సాధనం చేశాడు. దాన్ని లిటిల్ సౌండ్ డీజే అంటారు. అది తెరిస్తే బొమ్మలుండవు. నిలువు వరుసలలో అంకెలు, అక్షరాలు, మన సంఘం జమాఖర్చుల పుస్తకం లాగ. కాని ఆ అంకెలలో నాలుగు గొంతుల పాట ఉంటుంది. ఈ రెండూ కంపెనీవారు అడిగి చేయించినవి కావు. ఎవరో ఇద్దరు, ఆటకోసం పుట్టిన పెట్టెను చూసి, ఇది పాడగలదు అనుకొన్నారు. వీటితో కట్టిన పాటలకే న్యూయార్కులో 2006 నుంచి కొన్నేళ్లపాటు బ్లిప్ ఫెస్టివల్ అని ఉత్సవాలు జరిగాయి. పెద్దవాళ్లు వేదికలెక్కి, గేమ్ బాయ్ చేతబట్టుకొని కచేరీలు చేశారు. ఇది మా అబ్బాయి చెప్పినప్పుడు నేను నమ్మలేదు.

ఇక్కడ సంగీతం నేర్చుకొన్నవారికి ఒక మాట. ఆ 16 గడులను చూసినప్పుడు నాకు మొదట తోచినది ఆదితాళమే. ఎనిమిది అక్షరాలు, అక్షరానికి నాలుగు మాత్రలు, వెరసి 32. అంటే 16 గడుల వరుసలు రెండు కలిపితే ఒక ఆవర్తం. సరిగ్గా సరిపోయింది. రూపకానికి మూడక్షరాలకు 12 మాత్రలు. లిటిల్ సౌండ్ డీజేలో పన్నెండవ గడి దాటగానే తరువాతి వరుసకు దుమికించే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని 14 గడులు దాటాక పెడితే మిశ్రచాపు నడుస్తుంది. ఈ సంగతి ఆ స్వీడను అబ్బాయి మనకోసం చేసినది కాదు. గడుల లెక్క వేసేవాళ్లందరికీ ఎక్కడో ఒకచోట దారులు కలుస్తాయి. మా అబ్బాయికి చాపు తాళం నేను చేతితో వేసి చూపితే రెండేళ్లు అబ్బలేదు. తెరమీద గడులు ఖాళీగా కనబడ్డ సాయంత్రమే అబ్బింది. దానితో నా తిట్లు కొంచెం తగ్గాయి.

ఇప్పుడు రెండవ రకం సాధనం. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే కనుక కొంచెం తీరికగా చెబుతాను. అధ్యక్షులవారు గడియారం చూడకుందురు గాక.

తొషియో ఇవాయ్ అని జపానులో ఒక చిత్రకారుడున్నారు. 1962లో జన్మించారు. వెలుగును, శబ్దాన్ని కలిపి బొమ్మలు చేయడం ఆయన వృత్తి. 1987లోనే ఓటోకీ అని ఒక ఆట చేశారు. అందులో పేల్చిన ప్రతి గుండూ ఒక స్వరమవుతుంది, అదీ తాళం తప్పకుండా పడుతుంది. తరువాత ర్యూయిచి సకమోటో అనే ప్రసిద్ధ సంగీతకారునితో కలిసి, పియానో మీటలు నొక్కితే వెలుగు రూపాలు పైకెగిరే ప్రదర్శనలిచ్చారు. ఆయన 2005లో నింటెండో డి.ఎస్. అనే రెండు తెరల పెట్టెకోసం చేసినది ఎలక్ట్రోప్లాంక్టన్. జపానులో 2005 ఏప్రిలులో, అమెరికాలో 2006 జనవరిలో వచ్చింది. చిన్నతనంలో తనకు ప్రాణప్రదమైనవి సూక్ష్మదర్శిని, టేపు రికార్డరు అనీ, తరువాత సింథసైజరు, ఇంట్లో టీవీకి తగిలించే ఆటపెట్టె అనీ, ఈ నాలుగూ కలిస్తే ఇది పుట్టిందనీ ఆయన చెప్పుకొన్నారు.

ప్లాంక్టన్ అంటే నీటిలో తేలే సూక్ష్మజీవులు. ఇందులో అటువంటివి పదిరకాలు. కింది తెర చిన్న పుల్లవంటి కలంతో తాకితే స్పందిస్తుంది. ఒక రకానికి మనం నీటిలో గీత గీస్తే చాలు, ఆ గీతవెంట ఈదుకొంటూ పోతుంది. గీత ఎక్కడుంటే ఆ స్వరం, ఎంత వేగంగా గీస్తే అంత వేగం. నా మనవరాలు తన పేరులోని మొదటి తెలుగు అక్షరం గీసింది, అది పాడింది. తలకట్టు దగ్గర ఒక గమ్మత్తైన ఒంపు వచ్చింది. ఆ అమ్మాయికి తెలుగు అక్షరం రాయాలని బుద్ధి పుట్టడం నేను మొదటిసారి చూసినది అప్పుడే. ఇంకొక రకం నీటిలోంచి ఎగిరి మొక్క ఆకులమీద పడి, ఆకునుంచి ఆకుకు చిమ్ముకొంటూ పోతుంది. ఆకును అటో ఇటో వంచితే దారి మారుతుంది, పాట మారుతుంది. చాలాసార్లు తగిలిన ఆకు ఎర్రబడుతుంది. ఆకులన్నీ ఎర్రబడితే పువ్వు పూస్తుంది. మరొకదానిలో తెరనిండా బాణపు గుర్తులు, నాలుగు మూలలనుంచి నాలుగు జీవులు, నాలుగు వేగాలతో. బాణాలు తిప్పి దారులు చూపడమే మన పని. ఇంకొకటి ముగ్గులో చుక్కలలాగ పరచుకొన్న మంచుపూలు. చేత్తో నిమిరితే జలజల పాడుతాయి.

నాలుగు చేపలు కూడా ఉన్నాయి. పెట్టెకు చిన్న మైకు ఉంది కదా, చేపను తాకి ఏదైనా శబ్దం చేస్తే ఆ చేప దాన్ని మింగి, తాళానికి తిప్పి తిప్పి పాడుతుంది. మా ఇంట్లో మొదటి చేపకు చప్పట్లు, రెండవదానికి గరిటె, మూడవదానికి మా ఆవిడ తాలింపు వేసిన చుయ్యిమనే చప్పుడు. నాలుగవదానికి నన్నేదో అనమన్నారు. 'రామా' అన్నాను. పావుగంటసేపు మా వంటిల్లు భజనమందిరమైపోయింది.

వీటిలో తప్పు స్వరం పడదు. ఏ ఆకును తాకినా, ఏ మంచుపూవును మీటినా ముందే పొందుపరచిన స్వరాలలోంచే పలుకుతుంది. శాస్త్రం తెలిసినవారు దీన్ని లోపమంటారు. తప్పు చేసే అవకాశం లేనిచోట నేర్చుకొనేదేముంది అంటారు. నిజమే. కాని మనవాళ్ల విషయంలో నాకు ఇంకొకటి కనబడుతున్నది. అది చెప్పడానికే నేనసలు ఇక్కడికి వచ్చాను.

మన పిల్లలు తెలుగు మాట్లాడడం ఎప్పుడు మానుకొన్నారో కొంచెం గుర్తుచేసికోండి. మన తాతలు తోటల్లో రబ్బరు పాలు గీసినప్పుడు, కొబ్బరి దింపినప్పుడు, వాళ్ల పిల్లలు ఎవరి భయమూ లేకుండా తెలుగులో అరుచుకొన్నారు. తరువాత పట్నాలకు వచ్చాం. బడిలో మలయ్, ఇంగ్లీషు. ఇంట్లో పిల్లవాడు 'నేను వచ్చింది' అంటే మనం నవ్వాం. 'ళ' పలకకపోతే చుట్టాలముందు మళ్లీ పలికించి మరీ నవ్వాం. ముద్దుకే నవ్వాం, కాదనను. వాడు మాత్రం మూడోసారికి నోరు మూసుకొన్నాడు. అర్థమవుతుంది గాని మాట్లాడడు. ఈ సభలో అటువంటివారు ఎందరున్నారో చేతులెత్తమని నేను అడగను. భజనలోనూ అంతే. శ్రుతి తప్పిన పిల్లవాడివైపు నేనే హార్మోనియంమీదనుంచి కళ్లెర్రజేసి చూసేవాణ్ణి. ఆ వరుసలో కూర్చొన్న పిల్లలు ఇవాళ ఒక్కరూ మందిరానికి రారు. వాళ్లకు పాట రాక కాదు, నా చూపు గుర్తుండి రారు.

అటువంటి ఇంట్లో తప్పు పడని ఒక వాయిద్యం ఉండడం చిన్నమాట కాదు. నా మనవరాలు ఆ చేపముందు నోరు తెరిచింది. ఎనిమిదేళ్ల పిల్ల, మాముందు ఒక్క తెలుగుమాట అననిది, చేపకు 'కొబ్బరి', 'గుమ్మడి', 'బుడుంగు' అని మాటలు పెట్టి తాళం కట్టింది. చేప నవ్వదు కదా.

అయితే ఈ ఎలక్ట్రోప్లాంక్టన్‌లో దాచుకోవడం అనేది లేదు. గంటసేపు మెత్తగా ఆకులు వంచి, చేపలకు మాటలు మేపి ఎంత చక్కని పాట కట్టినా, పెట్టె ఆపితే అంతా పోయినట్లే. వచ్చిన కొత్తలో పత్రికలలో సమీక్షలు రాసినవారు దీన్ని బాగా తప్పుబట్టారు. డబ్బు పెట్టి కొన్న వస్తువు, కట్టిన పాటను దాచదా అని. నా మనవరాలు కూడా ఏడిచింది. 'తాతయ్యా, నా గుమ్మడి ఏది?' అని. ఏం చెప్పను? ఇది వాయిద్యమమ్మా, డబ్బా కాదు, వీణ కూడా నిన్నటి పాట దాచదు అన్నాను. అన్నానే గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పాట పోవడం అన్న మాట మా ఇంట్లో ఇంతకుముందే ఒకసారి వచ్చింది.

మా అమ్మకు దంపుడు పాటలు వచ్చు. ఆమె తల్లి శ్రీకాకుళంవైపునుంచి తెచ్చుకొన్నవి. తోటలో లైను ఇళ్ల వెనుక ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు రోటిచుట్టూ నిలబడి పాడేవారట. 1986లో మా అన్నయ్య టేపు రికార్డరు కొని, అమ్మ పాటలన్నీ రెండు క్యాసెట్లకు ఎక్కించాడు. అందరం సంతోషించాం. ఇక పోవు అనుకొన్నాం. బీరువాలో భద్రంగా పెట్టాం. భద్రంగా పెట్టాం కనుక ఎవరమూ నేర్చుకోలేదు, ఎవరమూ వినలేదు కూడా. ఈ దేశపు తేమ సంగతి మీకు తెలుసు. ఇరవైయేళ్ల తరువాత తీస్తే టేపుమీద తెల్లగా బూజు. ఒకటి తెగిపోయింది. రెండవది నీళ్లలో మాట్లాడినట్లు వినిపించింది.

2009లో మా అబ్బాయి, అదే, గదిలో కూర్చొని పెట్టె నొక్కేవాడు, వాళ్ల నాయనమ్మ దగ్గరికి గేమ్ బాయ్ పట్టుకొని వెళ్లాడు. ఏదైనా కొత్త బాణీ కావాలి, నాకు తోచడం లేదు అని వచ్చీరాని తెలుగులో అడిగాడు. ఆమె దంపుడు పాట ఒకటి పాడింది. వాడు రెండు వేళ్లతో అంకెలు వేస్తూ పోయాడు. ఒక చరణానికి వాడికి మూడు వారాలు పట్టింది. నాలుగే గొంతులు కదా, ప్రతి స్వరం తేల్చుకోవాలి, లేకపోతే పెట్టెలో పడదు. రికార్డరుకు ఒక్కసారి వింటే చాలు. వీడు ఆమెచేత ఒక పాదాన్ని ఇరవైసార్లు పాడించాడు. ఇద్దరాడవాళ్లు దంచుతుంటే రోకళ్లు ఒకదాని తరువాత ఒకటి పడతాయని, అందుకే పాటలో ఆ ఎదురుపోటు ఉన్నదని ఆమె చెప్పింది. వాడు మొదటి రెండు గొంతులను ఒకదానికొకటి ఎదురు పెట్టాడు. రోకలి దించినప్పుడల్లా 'హుఁ' అని ఊపిరి వదలాలి, అది లేకపోతే పాట నడవదు అన్నది. వాడు ఆ నాలుగవ గొంతును, సుర్రుమనేదాన్ని, ఊపిరిగా చేశాడు. అది విని ఆమె గట్టిగా నవ్వింది. ఈసారి నవ్వితే వాడు నోరు మూసుకోలేదు, వాడూ నవ్వాడు.

ఒకచోట మాత్రం కుదరలేదు. ఆమె రిషభంనుంచి గాంధారానికి పోయేటప్పుడు సాగదీసేది. వాడు రి, గ అని రెండు గడులు వేశాడు. 'అది కాదురా నాయనా, నువ్వు మెట్లెక్కుతున్నావు, నేను గట్టుమీంచి జారుతున్నాను' అన్నది. అప్పుడు వాడు ఆ సాధనంలో స్వరాన్ని జార్చే ఆజ్ఞను వెతికి పట్టుకొన్నాడు. ఒక స్వరంనుంచి ఇంకొక స్వరానికి జార్చడానికొకటి, కిందికో మీదికో వంచడానికొకటి, కంపింపజేయడానికొకటి, మూడు ఆజ్ఞలున్నాయి. మా హార్మోనియంకు ఇది చేతకాదు. భజనలో నలభైయేళ్లు వాయించిన నేను ఒప్పుకొంటున్నాను, ఈ ఒక్క విషయంలో ఆ పిల్లల పెట్టె నా వాయిద్యంకంటె మేలు.

2012లో అమ్మ పోయింది. 2015లో కాబోలు, వాడు ఆ పెట్టెను తీసి చూస్తే పాట లేదు. ఆ కార్ట్రిడ్జిలో జ్ఞాపకాన్ని నిలిపేది ఒక చిన్న గుండీవంటి బ్యాటరీ. అది అయిపోతే ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పెట్టెకు వేసే పెద్ద బ్యాటరీలు మార్చాం గాని, లోపల ఇంకొకటి ఉన్నదని మాకు తట్టలేదు. నాకు గుండె ఆగినంత పనైంది. క్యాసెట్టూ పోయింది, ఇదీ పోయింది. వాడు మాత్రం కాసేపు ఊరుకొని, కొత్త బ్యాటరీ అతికించి, కూర్చొని మొదటినుంచి వేశాడు. రెండు రాత్రులు పట్టింది. ఎదురుపోటు, ఊపిరి, ఆ జారు, అన్నీ ఉన్నాయి. వాడికి అది నోటికి వచ్చు. వాళ్ల నాయనమ్మ మాటల ఉచ్చారణతో సహా వచ్చు. మా అన్నయ్యకు రాదు, నాకు రాదు.

ఇప్పుడు పెద్దల ఆక్షేపణలకు వస్తాను. ఆటబొమ్మకు మన సంగీతంలో చోటేమిటి అని ఇంతకుముందు ఒకరు నాతో అన్నారు. వారు ఇక్కడే ఉన్నారు, పేరు చెప్పను. వారు వాయించేది హార్మోనియమే. ఆ హార్మోనియం గమకం పలకదని ఆలిండియా రేడియోవారు 1940లో నిషేధిస్తే, 1971లో గాని ఆ నిషేధం సడలలేదు. ఫిడేలు ఐరోపానుంచి వచ్చినదే. ద్వారం వెంకటస్వామినాయుడుగారు విజయనగరంలో దాన్ని పట్టుకొన్నాక అది పరాయిదని ఎవరన్నారు? పాలకొల్లులో 1969లో పుట్టిన శ్రీనివాస్ అనే పిల్లవాడు కరెంటు మాండలిన్ మీద కీర్తన వాయిస్తానన్నప్పుడు పెదవి విరిచినవారున్నారు. వారే తరువాత ముందు వరుసలో కూర్చొన్నారు. ఆయన 2014లో చిన్నవయసులోనే పోవడం మన దురదృష్టం.

అలాగని నేను ఈ పెట్టెలు రాగం పాడతాయని చెప్పడం లేదు. ఒక ఉదాహరణ చెబుతాను. కోర్గ్ అనే జపాను కంపెనీ 2007లో కేయాసిలేటరు అని అరచేతిలో పట్టే సాధనం తెచ్చింది. అది ఆటపెట్టె కాదు, వాయిద్యమే. అందులో ఎంచుకోవడానికి ఇచ్చిన స్వరక్రమాలలో భైరవ్, గమనశ్రమ అనే పేర్లు చూసి నేను పొంగిపోయాను. భైరవ్ అంటే మనం సరళీస్వరాలు నేర్చుకొనే మాయామాళవగౌళయే కదా. వేలు పెట్టి అటూ ఇటూ రాస్తే స్వరాలు సరిగ్గానే పడ్డాయి. రాగం మాత్రం రాలేదు. చీర మడతపెట్టి ఉన్నట్లు ఉంది, కట్టుకొన్నట్లు లేదు. మధ్యలోని ఆ నడక గురువుదగ్గరనుంచో, రోటిదగ్గర నిలబడ్డ ముసలమ్మదగ్గరనుంచో రావలసిందే. అదే కంపెనీ 1978నాటి తమ సింథసైజరు ఒకదాన్ని 2008లో నింటెండో డి.ఎస్. పెట్టెలోకి దించింది. తెరమీదనే తీగలు గుచ్చి గొంతు మార్చుకోవచ్చు. శబ్దం అంటే ఏమిటో పిల్లలకు తెలియాలంటే అంతకంటె చవకైన ప్రయోగశాల నేను చూడలేదు. సైన్సు మాస్టారు అయిన మా బావగారు దానికోసం మా ఇంటికి రెండు ఆదివారాలు వరుసగా వచ్చారు.

కొనదలచుకొన్నవారికి ఒక హెచ్చరిక. గేమ్ బాయ్, డి.ఎస్. రెండూ తయారీ ఆగిపోయి చాలా ఏళ్లయింది. వాడినవి దొరుకుతాయి. ఎలక్ట్రోప్లాంక్టన్ కార్ట్రిడ్జి కూడా చేతులు మారినదే కొనాలి. తరువాతి తరం పెట్టెకు ఇంటినుంచే కొనుక్కొనే దుకాణాన్ని కంపెనీవారు 2023 మార్చిలో మూసివేశారు కనుక, అందులో మాత్రమే అమ్మిన సంగీత సాధనాలు ఇప్పుడు కొత్తగా కొనడానికి లేవు. గేమ్ బాయ్ కార్ట్రిడ్జి కొంటే ముందుగా ఆ గుండీ బ్యాటరీ మార్పించండి. పాట పూర్తయిన రోజే కంప్యూటరులోకో, ఫోనులోకో ఎక్కించండి. ఎక్కించాక దాన్ని బీరువాలో మాత్రం పెట్టకండి.

సంఘంవారికి ఒక మనవి చేసికొంటాను. మన గ్రంథాలయంలో ఒక బల్ల ఖాళీగా ఉంది. వాడిన పెట్టెలు ఒక రెండు కొని దానిమీద పెడితే చాలు. ఖర్చు, క్రిందటి ఏడాది మనం పూలదండలకు పెట్టినదానికంటె తక్కువే. శనివారం భజన తరువాత పిల్లలను వదలండి. ఒకటే నియమం పెడదాం. పెట్టెలోకి ఎక్కించే పాట ఇంట్లో ఎవరో ఒకరినుంచి నోటితో విని తెచ్చినదై ఉండాలి. సినిమాపాట అయినా సరే, అమ్మమ్మ పాడినదైతే చాలు. మన మందిరంలో దంపుడు పాటలు తెలిసిన పెద్దమ్మలు నా లెక్కకు ఐదుగురున్నారు. ఇద్దరికి ఎనభై దాటింది. వారి దగ్గరికి మళ్లీ టేపు రికార్డరు పంపుదామని నిరుటి సమావేశంలో తీర్మానం చేశాం. నేనూ చేయెత్తాను. పంపండి, కాదనను. దానితోపాటు అంకెలు వేసే పిల్లవాణ్ణి కూడా ఒకణ్ణి పంపండి. వాడు ఇరవైసార్లు అడుగుతాడు.

నాకిచ్చిన సమయం దాటింది. మా అబ్బాయి ఆ పాటను పెట్టెలో తెచ్చాడు. మైకు దగ్గర పెడితే రెండు నిమిషాలు వినిపిస్తాడు. శబ్దం సన్నగా ఉంటుంది, చెవి ఒగ్గవలెను. నా మనవరాలు పక్కబల్లమీద చేపలతో కూర్చొని ఉంది. పిల్లలెవరైనా వెళ్లి ఏ మాటైనా పెట్టవచ్చు. పెద్దలు వెళితే దయచేసి ఉచ్చారణ దిద్దకండి.